లెక్కలో ఉన్నారు, జాబితాలో లేరు

నియోజకవర్గాల పునర్విభజన మీద మన దేశంలో వాదం వేడెక్కిన ప్రతిసారీ ఎవరో ఒకరు ఒక అమెరికా తీర్పును ఉదాహరిస్తారు. 1964 జూన్ 15న ఆ దేశ సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ వెలువరించిన ‘రేనాల్డ్స్ వర్సెస్ సిమ్స్’ తీర్పు అది. అలబామా రాష్ట్ర శాసనసభ స్థానాల పంపకం 1901 నుంచి అరవై ఏళ్లపాటు మారలేదు. బర్మింగ్‌హామ్ నగరం ఉన్న జెఫర్సన్ కౌంటీలో ఆరు లక్షల మందికి పైగా జనం ఉన్నా దానికి రాష్ట్ర సెనేట్‌లో ఒకటే స్థానం. 15,417 మంది ఉన్న లౌండ్స్ కౌంటీకీ ఒకటే స్థానం. ఇది సమానత్వం కాదని, చట్టసభలు ప్రాతినిధ్యం వహించవలసింది మనుషులకు గానీ చెట్లకూ ఎకరాలకూ కాదని కోర్టు తేల్చింది.

ఆ తీర్పును నేను చాలాసార్లు చదివాను. జెఫర్సన్‌కు జరిగిన అన్యాయం వెంటనే కంటికి కనిపిస్తుంది. లౌండ్స్ సంగతి తీర్పులో కనిపించదు. ఆ 15,417 మందిలో ఐదింట నాలుగు వంతుల మంది నల్లవారు. తీర్పు వెలువడిన నాడు వారిలో ఒక్కరంటే ఒక్కరి పేరు కూడా ఓటరు జాబితాలో లేదు. అంటే లౌండ్స్‌కు దక్కిన ఆ సెనేట్ స్థానం పదిహేను వేల మందిది కూడా కాదు, మూడు వేల మందిలోపు తెల్లవారిది. జనాభా లెక్క ఒకటి, ఓటర్ల లెక్క మరొకటి. మొదటిది చూపి స్థానం తెచ్చుకొని, రెండోది చేతిలో పెట్టుకొని ఏలడం అక్కడ నాలుగు తరాలుగా సాగిన విద్య. అది 1901లో పుట్టినదీ కాదు. దాని వేళ్లు వెతకాలంటే కౌంటీ పుట్టుకకు ముందునాటి దాకా వెళ్లాలి.

కౌంటీ అనగానే మనం జిల్లా అనుకుంటాం. విస్తీర్ణంలో లౌండ్స్ మన పాత తాలూకా కంటే కాస్త పెద్దది, సుమారు 1,880 చదరపు కిలోమీటర్లు. అధికారం తీరు మాత్రం మన జిల్లాకు భిన్నం. మనకు కలెక్టరూ, ఎస్పీ పైనుంచి వస్తారు. అక్కడ తుపాకీ పట్టే షెరీఫ్, పన్ను కట్టే అధికారి, దాన్ని వసూలు చేసే అధికారి, బడులు నడిపే బోర్డు, వారసత్వాలు తేల్చే న్యాయమూర్తి, అందరూ ఎన్నికైనవారే. అందుచేత కౌంటీలో ఓటు లేకపోవడమంటే అయిదేళ్లకోసారి వచ్చే ఒక రోజును పోగొట్టుకోవడం కాదు. ఠాణా, బడి, పొలం పట్టా, శవ పంచనామా దాకా అన్నీ ఎదుటివాడి చేతిలో ఉండటమన్నమాట.

అలబామా నది ఈ కౌంటీకి ఉత్తరపు సరిహద్దు. ఆ నది ఒడ్డున ఎత్తైన గట్టు మీద 1813లో క్రీక్ జాతి వారు ఒక ఊరు కట్టుకున్నారు. తమలో తాము మస్కోగీలమని చెప్పుకునే ఈ జాతిలో అప్పటికే చీలిక వచ్చింది. తెల్లవారి వ్యవసాయాన్నీ, వ్యాపారాన్నీ, అప్పులనూ అంగీకరించిన వారు ఒక వైపు, పూర్వాచారాలకు మళ్లాలని పిలుపునిచ్చిన ‘ఎర్ర కర్రల’ వారు మరొక వైపు. ఎర్ర కర్రల ప్రవక్త జోసయా ఫ్రాన్సిస్ వెలయించిన ఊరు ఇది. తెల్లవాడు ఈ గడ్డ మీద కాలు పెడితే చస్తాడని ప్రవక్తలు చెప్పారు. ‘పవిత్ర భూమి’ అని దానికి పేరు. ఆ సంవత్సరం డిసెంబరు 23న జనరల్ ఫెర్డినాండ్ క్లేబోర్న్ సేన వచ్చి పడింది. ఆ సేనలో పుష్మతాహ నాయకత్వాన చోక్తా జాతి యోధులూ ఉన్నారు. ఊరు కాలిపోయింది. చివరిదాకా నిలిచిన విలియం వెదర్‌ఫోర్డ్ గుర్రంతో సహా గట్టు మీద నుంచి నదిలోకి దూకి తప్పించుకున్నాడని చెబుతారు. ఆ దూకుడు తర్వాత తెల్లవారి కథల్లోనే వీరగాథ అయింది. ఓడినవాణ్ణి కీర్తించడానికి గెలిచినవాడికి ఖర్చేమీ ఉండదు. ఆ వెదర్‌ఫోర్డ్ స్కాట్లండ్ వర్తకుల వంశపు తండ్రికీ క్రీక్ తల్లికీ పుట్టినవాడు, బానిసలను ఉంచుకున్న తోట యజమాని కూడా. చరిత్రలో నిక్కమైన అమాయకులు తక్కువ.

మూడు నెలలకు, 1814 మార్చి 27న, హార్స్‌షూ బెండ్ వద్ద ఆండ్రూ జాక్సన్ ఎర్ర కర్రల వారిని నిర్మూలించాడు. ఆగస్టు 9న ఫోర్ట్ జాక్సన్ ఒడంబడిక. దాని కింద క్రీక్ జాతి వదులుకొన్న భూమి సుమారు 2 కోట్ల 30 లక్షల ఎకరాలు. నేటి తెలంగాణ విస్తీర్ణంలో ఐదింట నాలుగు వంతుల పైమాట. జాక్సన్ పక్షాన పోరాడిన క్రీకుల భూములూ అందులోనే పోయాయి. మిత్రుడికీ శత్రువుకూ ఒకే శిక్ష. ఒడంబడిక మీద సంతకాలు చేసినవారిలో అత్యధికులు జాక్సన్ మిత్రులే. మన సంస్థానాల చరిత్ర చదివినవారికి, కంపెనీ వారి సైన్యసహకార ఒప్పందాలు గుర్తున్నవారికి, ఇందులో వింతేమీ కనిపించదు.

తర్వాత గొలుసు పట్టుకొని సర్వేయర్లు దిగారు. భూమిని చదరపు గడులుగా కోశారు. ఒక్కో గడి 640 ఎకరాలు. ముప్పై ఆరు గడులు కలిస్తే ఒక టౌన్‌షిప్. అందులో పదహారో గడి బడికి కేటాయింపు. కాగితం మీద ఎంత న్యాయంగా ఉందో చూడండి. ఆ గడులను ప్రభుత్వ భూ కార్యాలయాలు వేలం వేశాయి. మొదట ఎకరం రెండు డాలర్ల కనీస ధరకు, నాలుగో వంతు ముందుగా కట్టించుకొని మిగతాది అప్పు మీద ఇచ్చారు. ‘అలబామా జ్వరం’ అని ఆనాటివారే పేరు పెట్టిన ఆ వలసలో దక్షిణ కెరొలైనా, జార్జియా రాష్ట్రాల నుంచి తెల్ల కుటుంబాలు బళ్లు కట్టుకొని వచ్చాయి. 1819లో పత్తి ధర కూలింది, బ్యాంకులు మూతపడ్డాయి, అప్పు మీద కొన్నవారు చితికిపోయారు. 1820లో ప్రభుత్వం అప్పు పద్ధతి ఎత్తివేసి, ఎకరం కనీస ధరను డాలరుంబావుకు దించి, నగదు ఉన్నవాడికే అమ్మకం అన్నది. చిన్నవాడికి మేలు చేస్తున్నట్లు కనిపించే సవరణ అది. నగదు ఎవరి దగ్గర ఉంటుంది? అప్పటికే బానిసలు ఉన్నవాడి దగ్గర.

ఇక్కడ మన భాష ప్రస్తావన ఒకటి తేక తప్పదు. మన భూగోళ శాస్త్ర గ్రంథాలలో నల్లనేలలకు ‘రెగర్’ అని పేరు. అది మన ‘రేగడ’ నుంచి పుట్టిన మాట. లౌండ్స్ ఉత్తర భాగం కూడా అటువంటి నల్లరేగడే. మన రేగడి చాలామటుకు లావా రాతి నుంచి వచ్చింది. వారిది కోట్ల ఏళ్ల కిందటి సముద్రం అడుగున పేరుకున్న సుద్దరాతి మీద ఏర్పడింది. పుట్టుక వేరైనా స్వభావం ఒకటే. ఎండితే నెర్రెలు విచ్చుతుంది, తడిస్తే బంక. నీటిని పట్టుకుంటుంది, వదలదు. మొదట వచ్చిన తెల్లవారు ఈ నేలను తప్పించుకొని నది ఒడ్డునా, ఇసుక మెట్టలలోనూ దిగారు. చెట్టు మొలవని చోట పంటేం పండుతుందని అనుమానం. తాగడానికి నీరు లేదు, వానాకాలంలో బండి చక్రం కదలదు. సుద్దరాతిని తొలిచి లోతు బావులు వేయడం నేర్చిన తర్వాత గానీ ఈ నేల విలువ తెలియలేదు. తెలిసిన తర్వాత మాత్రం చిన్న రైతు అక్కడ నిలవలేకపోయాడు. ‘బ్లాక్ బెల్ట్’ అనే పేరు మొదట ఈ నేల రంగును బట్టి వచ్చినదేనని, ఆ తర్వాతనే నల్లవారు తెల్లవారికంటే ఎక్కువగా ఉన్న ప్రాంతానికి రాజకీయ నామమైందని 1901 నాటి తన ఆత్మకథలో బుకర్ టి. వాషింగ్టన్ వివరించాడు. నేలకూ మనుషులకూ ఒకే పేరు రావడం యాదృచ్ఛికం కాదు. నేల మంచిదైన మేరకే మనుషులను కొని తెచ్చారు.

కౌంటీ ఏర్పడినది 1830 జనవరి 20న. మాంట్‌గొమరీ, డల్లస్, బట్లర్ కౌంటీల నుంచి ముక్కలు తీసి దీన్ని కుట్టారు. దక్షిణ కెరొలైనా ప్రతినిధి విలియం లౌండ్స్ పేరు పెట్టారు. అప్పటికి ఆయన చనిపోయి ఏడేళ్లు దాటింది. ‘పెద్ద చిత్తడి’ అనే అర్థమిచ్చే పేరుతో ఉన్న ఊరు కౌంటీ కేంద్రమై హేన్‌విల్‌గా మారింది. హేన్ కూడా దక్షిణ కెరొలైనా సెనేటరే. వలస వచ్చినవారు తమ పాత రాష్ట్రపు దేవుళ్లను వెంట తెచ్చుకున్నారన్నమాట. రాబర్ట్ హేన్ పేరు రాజనీతి విద్యార్థులకు తెలిసిందే. సరిగ్గా అదే 1830 జనవరిలో వాషింగ్టన్‌లోని సెనేట్‌లో డేనియల్ వెబ్‌స్టర్‌తో ఆయన చేసిన వాదం అమెరికా పార్లమెంటరీ చరిత్రలో ప్రసిద్ధం. రాష్ట్రాల హక్కులా, యూనియన్ ఆధిపత్యమా అని దాన్ని మనం పాఠంగా చదువుకుంటాం. అసలు ఆ చర్చ మొదలైంది ప్రభుత్వ భూముల అమ్మకాన్ని తగ్గించాలా వద్దా అన్న తీర్మానం మీద. ఫెడరల్ సూత్రాల మీద గంటల కొద్దీ సాగిన ఆ ఉపన్యాసాల అడుగున ఎకరాల లెక్క ఉంది. ఆ మే నెలలోనే జాక్సన్ అధ్యక్షుడిగా ఆదివాసుల తరలింపు చట్టం మీద సంతకం చేశాడు. ఆరేళ్లలో మిగిలిన క్రీకులను కూడా మిసిసిపీ నదికి పడమట పారదోలారు.

మనుషులను ఎక్కడి నుంచి తెచ్చారు? 1808 నుంచి ఆఫ్రికా బానిసల దిగుమతిని అమెరికా నిషేధించింది. దానితో దేశం లోపలి వ్యాపారం పెరిగింది. వర్జీనియా, మేరీలాండ్, కెరొలైనా వంటి పాత రాష్ట్రాల నుంచి పత్తి రాష్ట్రాలకు అంతర్యుద్ధం నాటికి సుమారు పది లక్షల మందిని తరలించారని చరిత్రకారుల అంచనా. కొందరిని యజమానులే వెంట తెచ్చారు, చాలామందిని వర్తకులు గొలుసులు కట్టి నడిపించి అమ్మారు. తల్లి ఒక చోట, బిడ్డ ఒక చోట. లౌండ్స్ పక్కనే ఉన్న మాంట్‌గొమరీ పెద్ద బానిసల సంత అయింది. 1821లో ఆవిరి పడవ అలబామా నది మీద మాంట్‌గొమరీ దాకా ఎక్కి వచ్చింది. ఇక పత్తి బేళ్లు దిగువన మొబైల్ రేవుకూ, అక్కడి నుంచి లివర్‌పూల్‌కూ చేరడానికి అడ్డులేదు. 1856లో హేన్‌విల్‌లో తెల్లని స్తంభాలతో గ్రీకు పద్ధతిలో కట్టిన న్యాయస్థానం ఇప్పటికీ నిలిచి ఉంది. ఏథెన్స్ ప్రజాస్వామ్యాన్ని గుర్తు చేసే ఆ స్తంభాలకు పెట్టుబడి ఎక్కడిదో చెప్పనక్కరలేదు.

1860 జనగణన ప్రకారం లౌండ్స్ జనాభా 27,716. వారిలో బానిసలు 19,340. నూటికి డెబ్బై. అమెరికా రాజ్యాంగంలోని ఐదింట మూడు వంతుల నిబంధన ఇక్కడ పనిచేసిన తీరు చూడాలి. ప్రతినిధుల సభలో ఏ రాష్ట్రానికి ఎన్ని స్థానాలో తేల్చేటప్పుడు ఐదుగురు బానిసలను ముగ్గురు మనుషులుగా లెక్కించేవారు. లౌండ్స్ బానిసల వల్ల అలబామా లెక్కకు 11,604 మంది కలిశారన్నమాట. ఆ స్థానానికి ఓటు వేసింది తెల్ల మగవారు మాత్రమే. అలబామా 1819 రాజ్యాంగం తెల్ల మగవారందరికీ ఆస్తితో నిమిత్తం లేకుండా ఓటు ఇచ్చింది. ఆనాటికి ఇంగ్లండ్‌లో కూడా అంత విశాలమైన ఓటు హక్కు లేదు. ప్రజాస్వామ్యం విస్తరించడమూ, బానిసత్వం విస్తరించడమూ ఒకే నేల మీద, ఒకే దశాబ్దాలలో, ఒకే మనుషుల చేత జరిగిందన్న సంగతిని మన ఉదారవాద మిత్రులు తేలికగా దాటవేస్తారు. 1832లో అలబామా మరో చట్టం చేసింది. నల్లవాడికి, బానిస అయినా స్వతంత్రుడైనా, చదువు చెప్పినవారికి 250 నుంచి 500 డాలర్ల జరిమానా. ఈ చట్టాన్ని గుర్తుంచుకోవాలి. డెబ్బై ఏళ్ల తర్వాత మళ్లీ దీని అవసరం పడుతుంది.

అంతర్యుద్ధం సంగతి క్లుప్తంగానే చెబుతాను. యూనియన్ నౌకాదళం రేవులను దిగ్బంధించడంతో లాంకషైర్ మిల్లులు పత్తికోసం దక్కన్ వైపు తిరిగాయి. బీరార్‌లో, మహారాష్ట్రలో, మన కరవుసీమలలో పత్తి ధర ఎగసి, యుద్ధం ముగియగానే పడిపోయింది. ఆ పతనం మిగిల్చిన అప్పులు 1875 దక్కన్ రైతుల తిరుగుబాటుకు ఒక కారణం. లౌండ్స్ రైతు చెమటకూ మన రైతు అప్పుకూ ఆ కాలంలోనే ముడిపడింది.

1867లో కాంగ్రెస్ పునర్నిర్మాణ చట్టాలు చేసింది. బానిసలుగా పుట్టినవారు ఓటర్లుగా నమోదయ్యారు. లౌండ్స్ వంటి కౌంటీలలో వారే అధికులు. అలబామా నుంచి ముగ్గురు నల్లవారు దిగువ సభకు ఎన్నికయ్యారు: బెంజమిన్ టర్నర్, జేమ్స్ రేపియర్, జెరెమయా హారల్‌సన్. 1873లో పుణేలో జోతిరావు ఫులే తన ‘గులాంగిరి’ని నీగ్రో బానిసత్వాన్ని రద్దు చేయడంలో అమెరికా ప్రజలు చూపిన ఔదార్యానికి అంకితమిచ్చాడు. ఆ పుస్తకం అచ్చైన మరుసటి ఏడాదే అలబామాలో పాత యజమానుల డెమోక్రటిక్ పార్టీ బెదిరింపులతో, హింసతో, దొంగ లెక్కింపుతో అధికారం చేజిక్కించుకుంది. ఆ వార్త ఫులేకు ఎప్పుడు చేరిందో, ఎలా చేరిందో ఊహించుకోవడం నాకెప్పుడూ బాధగానే ఉంటుంది.

కొత్త పాలకులు మొదట ముట్టుకున్నది సరిహద్దులను. 1875లో నల్లవారు అధికంగా ఉన్న కౌంటీలను గుదిగుచ్చి ఒకే కాంగ్రెస్ నియోజకవర్గంలో పెట్టారు. నాలుగో జిల్లా. మిగతా అన్నిచోట్లా తమకు ఢోకా లేకుండా చేసుకున్నారు. ఆ ఒక్క స్థానం కోసం రేపియర్ లౌండ్స్‌కు మకాం మార్చి 1876లో పోటీ చేశాడు. హారల్‌సన్ కూడా బరిలో దిగాడు. ఇద్దరు నల్ల అభ్యర్థుల మధ్య ఓట్లు చీలాయి. పూర్వపు కాన్ఫెడరేట్ సేనాని చార్ల్స్ షెల్లీ గెలిచాడు. మన ఎన్నికల సాయంకాలాలలో ఎన్నిసార్లు వినలేదు ఈ కథ! 1877లో హారల్‌సన్ సభ నుంచి దిగిపోయిన తర్వాత అలబామా నుంచి మరో నల్లవాడు కాంగ్రెస్‌లో అడుగుపెట్టింది 1993లో.

ఆ తర్వాత పావు శతాబ్దం ఒక విచిత్ర దశ. నల్లవారి పేర్లు జాబితాలో ఉన్నాయి. వారి ఓట్లు పెట్టెలో పడ్డాయి, లేదా పడినట్లు రాశారు. లెక్కించేవాడు మాత్రం తెల్లవాడు. బ్లాక్ బెల్ట్ యజమానులు ఆ ‘నల్ల ఓట్ల’తోనే ఉత్తర అలబామా పేద తెల్లరైతుల పాపులిస్టు పార్టీని ఓడించారు. దాని పరాకాష్ఠ 1901. ఆ సంవత్సరం రాసిన కొత్త రాజ్యాంగం ఉద్దేశం దాపరికం లేనిది: నల్లవారి ఓటు తీసివేయడం. ప్రజామోదానికి పెడితే 1,08,613 మంది అనుకూలం, 81,734 మంది వ్యతిరేకం అని ప్రకటించారు. బ్లాక్ బెల్ట్‌ను పక్కనపెట్టి లెక్కిస్తే రాష్ట్రంలో వ్యతిరేక ఓట్లే ఎక్కువ. గెలిపించినది నల్లవారు అధికంగా ఉన్న కౌంటీలు. అంటే తమ ఓటు హక్కును రద్దు చేయమని నల్లవారే మూకుమ్మడిగా ఓటు వేశారని అధికారిక లెక్క! ఇంతకంటే నిస్సిగ్గు అంకెను నేను ఏ దేశపు ఎన్నికల పత్రాలలోనూ చూడలేదు.

కొత్త నిబంధనల్లో చదువు పరీక్ష ఉంది. 1832లో చదువు చెబితే జరిమానా వేసిన రాష్ట్రం 1901లో చదివి చూపమంది. నలభై ఎకరాలో 300 డాలర్ల ఆస్తో ఉండాలన్న షరతు ఉంది. ఏడాదికి డాలరున్నర తలపన్ను ఉంది, అదీ బకాయిలతో సహా పేరుకుపోయేది. అన్నిటికంటే గట్టిది, ఎవరు అర్హులో తేల్చే రిజిస్ట్రారు విచక్షణ. రాష్ట్రంలో ఓటు వయసు వచ్చిన నల్ల మగవారు 1,80,000 మందికి పైగా ఉంటే, రెండేళ్లలో జాబితాలో మిగిలింది మూడు వేల మంది. తలపన్ను దెబ్బకు పేద తెల్లవారు కూడా వేలల్లో రాలిపోయారు. ఈ షరతులు చదివి మనం ఆశ్చర్యపోవడానికి లేదు. ఆస్తి, పన్ను, చదువు చూసి ఓటు ఇచ్చే పద్ధతిలోనే 1935 చట్టం కింద మన ప్రొవిన్షియల్ ఎన్నికలు జరిగాయి.

బానిసత్వం రద్దయ్యాక ఐదింట మూడు వంతుల నిబంధన పోయింది. నల్లవాడు నిండు మనిషిగా లెక్కలోకి వచ్చాడు. అలబామాకు స్థానాల లెక్కలో దాని వల్ల లాభమే. ఓటు నిరాకరించిన రాష్ట్రానికి ఆ మేరకు స్థానాలు తగ్గించాలని పద్నాలుగో సవరణ రెండో సెక్షను చెబుతుంది. ఆ సెక్షనును ఒక్కసారి కూడా ప్రయోగించలేదు.

ఇంత జరుగుతున్నా లౌండ్స్ నల్లవారు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. 1892లో ఇద్దరు ఉత్తరాది స్త్రీలు, షార్లెట్ థార్న్, మేబెల్ డిల్లింగ్‌హామ్, బుకర్ వాషింగ్టన్ ప్రోత్సాహంతో కల్హూన్ అనే ఊళ్లో బడి పెట్టారు. ఆ బడి ఆధ్వర్యంలో తోటల భూములు కొని, తక్కువ వడ్డీకి నల్ల కుటుంబాలకు ముక్కలుగా అమ్మారు. మిగతా కౌంటీలో సంగోరు సేద్యం. విత్తనం, మేత, తిండి గింజలు దుకాణంలో అప్పు. పంట చేతికి రాకముందే దాని మీద వర్తకుడికి హక్కు. సంవత్సరాంతాన లెక్క చూసేది యజమాని. చదువు రానివాడు ఆ లెక్కను ప్రశ్నించలేడు, వచ్చినవాడు ప్రశ్నిస్తే ఊళ్లో ఉండలేడు.

ఈ కౌంటీని శాస్త్రీయంగా కొలిచి చూడాలని 1906లో డబ్ల్యూ.ఇ.బి. డు బోయిస్ సంకల్పించాడు. అప్పుడాయన అట్లాంటా విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. ఫెడరల్ కార్మిక బ్యూరో పని అప్పగించింది. ఆయన బృందం కల్హూన్ బడిని స్థావరంగా చేసుకొని ఇంటింటికీ తిరిగింది. వేలాది కుటుంబాలను ప్రశ్నించి భూమి ఎవరిది, అప్పెంత, కోర్టు ఎవరిని ఎందుకు శిక్షించింది, ఓటు ఎవరికి ఉందన్న వివరాలు సేకరించారు. ఆ సెప్టెంబరులో ఆయన ఇంకా లౌండ్స్‌లో ఉండగానే అట్లాంటాలో నల్లవారి ఊచకోత మొదలైంది. భార్యాబిడ్డల కోసం రైలెక్కి పరుగెత్తాడు. అయినా నివేదిక పూర్తిచేసి ఇచ్చాడు. బ్యూరో ప్రచురించలేదు, రాజకీయ విషయాలను తాకుతోందని వెనకాడింది. కొన్నాళ్ల తర్వాత ప్రతిని తిరిగి అడిగితే ధ్వంసమైందని జవాబు వచ్చింది. ఆయన తన జీవితంలో చేసిన ఉత్తమ సామాజిక పరిశోధనల్లో ఒకటిగా దాన్ని తలచుకునేవాడు. 1911లో రాసిన పత్తి నవలలో ఆ అనుభవం కొంత మిగిలింది. అంకెలు మాత్రం పోయాయి. ప్రభుత్వాలు నివేదికలను తొక్కిపెట్టడం మనకు తెలుసు. ఇక్కడ తొక్కిపెట్టడం కూడా చాలలేదు. ఒక కౌంటీ తన గురించి తాను చెప్పుకున్న సాక్ష్యం, ఇంటి పేర్లతో సహా, లేకుండా పోయింది. అందుచేత లౌండ్స్ చరిత్ర రాసేవారంతా జనగణన పట్టికలూ, యజమానుల పద్దులూ, కోర్టు కాగితాలూ పట్టుకొనే రాస్తున్నారు. నేనూ అంతే.

ఇక 1964 తీర్పు వద్దకు తిరిగి వస్తే, ఒక మనిషికి ఒకే విలువ అని సుప్రీంకోర్టు చెప్పిన తొమ్మిది నెలలకు, 1965 మార్చి నడిమికి, లౌండ్స్‌లో ఇద్దరు నల్లవారు ఓటర్లుగా నమోదయ్యారు. అరవై ఏళ్లలో వారే మొదటివారని చెబుతారు. ఒకరు జాన్ హ్యూలెట్, రెండోవారు ఒక అంధ మతబోధకుడు. అదే కాలంలో తెల్లవారి నమోదు నూటికి నూరు దాటి ఉంది! చనిపోయినవారు, ఊరు విడిచినవారు జాబితాలో పదిలంగా ఉన్నారు. ఆ మార్చి 25న సెల్మా పాదయాత్రికులను తిరిగి చేరవేస్తున్న వయొలా లియుజోను లౌండ్స్ రహదారి మీద కాల్చి చంపారు. ఆగస్టు 20న హేన్‌విల్‌లో జోనథన్ డేనియల్స్ అనే మతవిద్యార్థిని చంపారు. ఆగస్టులోనే ఓటు హక్కు చట్టం వచ్చింది. పేరు నమోదు చేయించుకున్న కౌలుదారులను యజమానులు ఇళ్ల నుంచి వెళ్లగొడితే, రహదారి పక్కన గుడారాలు వేసుకొని చలికాలం గడిపారు. కౌంటీ భూమిలో తొంభై శాతం 86 తెల్ల కుటుంబాలదని స్టోక్లీ కార్మైకేల్ రాశాడు. క్రీకుల గట్టు మీది ఊరు కాలిన నాటి నుంచి లెక్కిస్తే, నూట యాభై ఏళ్ల తర్వాత చేరిన అంకె అది.

వారు సొంత పార్టీ పెట్టుకున్నారు. నిరక్షరాస్యత ఎక్కువ కనుక ప్రతి పార్టీకీ గుర్తు ఉండాలని అలబామా చట్టం. డెమోక్రటిక్ పార్టీ గుర్తు తెల్ల కోడిపుంజు, ‘తెల్లవారి ఆధిపత్యం’ దాని నినాదం. లౌండ్స్ వారు ఎంచుకొన్నది దూకబోతున్న నల్ల చిరుత. కాలిఫోర్నియాలో పుట్టిన పార్టీకి ఆ పేరు ఇక్కడి నుంచే వెళ్లింది. నూటికి పద్దెనిమిది మందికి మాత్రమే చదువు వచ్చిన రోజుల్లో కాడెద్దులూ, గుడిసే చూసి ఓటు వేసిన దేశం మనది. కనుక గుర్తు విలువ మనకు ఒకరు చెప్పాల్సిన పని లేదు. మన తొలి ఎన్నికల్లోనే, తమ పేరు చెప్పకుండా ఫలానావారి భార్య, ఫలానావారి తల్లి అని చెప్పిన సుమారు 28 లక్షల మంది స్త్రీలను జాబితా నుంచి తొలగించవలసి వచ్చిందన్నది కూడా మరవకూడదు. జాబితా అన్నది ఎక్కడా అమాయకమైన కాగితం కాదు.

1966 నవంబరులో చిరుత ఓడింది. 1970లో జాన్ హ్యూలెట్ షెరీఫ్‌గా ఎన్నికయ్యాడు. 1856 నాటి న్యాయస్థానం ఉన్న ఆ ఊరి నుంచే రెండు దశాబ్దాలకు పైగా ఆ పదవి నిర్వహించాడు. భూమి మాత్రం అంతగా చేతులు మారలేదు.

పత్తిని తెచ్చిన ఆ నల్లరేగడి నీటిని వదలదని పైన చెప్పాను. మురుగును కూడా అది ఇంకించుకోదు. పేద ఇళ్ల మరుగుదొడ్ల నుంచి తిన్నగా పెరట్లోకి గొట్టం వేసుకొన్న కుటుంబాలు లౌండ్స్‌లో నేటికీ ఉన్నాయి. అక్కడ పనిచేసే మురుగు తొట్టి ఖరీదు వారి ఏడాది సంపాదనకు పోటీ పడుతుంది. దీన్ని జాతి వివక్షగా పరిగణించి 2023 మేలో ఫెడరల్ న్యాయశాఖ అలబామా ఆరోగ్యశాఖతో ఒప్పందం చేసుకుంది. 2025 ఏప్రిల్‌లో కొత్త ప్రభుత్వం ఆ ఒప్పందాన్ని రద్దు చేసింది. 2020 జనగణనలో లౌండ్స్ జనాభా 10,311.